అట్ట లేని పుస్తకంలో దొరికిన గురువు

(విజయవాడలో బొమ్మలు నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు ఒక సీనియర్ చిత్రకారుడు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ఇందాక మెట్లెక్కుతుంటే ఒకమ్మాయి నన్ను ఆపి అడిగింది. "సార్, నాకు దయ్యాల కామిక్స్ వేయాలని ఉంది. ఇంట్లో వద్దంటున్నారు. దీంతో బతకొచ్చా?" అని. నేను రాసుకొచ్చిన కాగితాలు అక్కడే మడిచి జేబులో పెట్టేశాను. ఈ సాయంత్రం ఆ ప్రశ్నకే నాకు చేతనైన జవాబు చెబుతాను. అమ్మా, నువ్వు ముందు వరుసలోకి వచ్చి కూర్చో.

ఇద్దరు మనుషుల గురించి చెప్పాలి. ఇద్దరూ భయం కామిక్స్ వేసిన అమెరికావాళ్లే. గ్రాహం ఇంగెల్స్, బెర్నీ రైట్‌సన్. వాళ్లకంటే ముందు నా సంగతి కొంచెం చెప్పకపోతే, వాళ్లు నాకు ఏమవుతారో మీకు తెలీదు.

నేను గుంటూరు బ్రాడీపేటలో పుట్టాను. మా నాన్న కొట్లో గుమాస్తా. చందమామ కొనే స్తోమత లేదు. పక్కింటివాళ్లు చదివేశాక మా ఇంటికి వచ్చేది. భేతాళ కథ దగ్గరికి వచ్చేసరికి బొమ్మ మీద అరచెయ్యి పెట్టేసి, కింద ఉన్న కథ మాత్రం చదివేవాణ్ణి. అంత భయం. ఆ బొమ్మ మీ అందరికీ తెలుసు. భుజాన శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. శంకర్ గారి బొమ్మ. ఆయన 1952లో చందమామలో చేరి దాదాపు ఆరు దశాబ్దాలు అందులోనే బొమ్మలు వేశారు. 2020లో, 96 ఏళ్ల వయసులో పోయారు. ఒకరోజు ధైర్యం చేసి చెయ్యి తీసి ఆ బొమ్మను చూస్తూ కూర్చున్నాను. విక్రమార్కుడి మొహంలో బెదురు లేదు. భయమంతా చుట్టూ ఉన్న నలుపులో ఉంది. ఆ నలుపు ఎలా వేశారా అని ఆలోచించడం మొదలుపెట్టాక నా భయం పోయింది. దాని స్థానంలో ఇంకేదో వచ్చింది. అది ఇప్పటిదాకా పోలేదు.

పదిహేడో ఏట బెజవాడ వచ్చి గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు రాసే చోట చేరాను. అప్పుడు ఆ వీధుల నిండా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులే. ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు పెద్ద గుడ్డ మీద గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఒక్కో గడిలోకి ఎక్కించడం పని. మా గురువు గారు నా చేతికి మొదటి ఏడాది నలుపు తప్ప వేరే రంగు ఇవ్వలేదు. జుట్టు, నీడ, మీసం, చీకటి. నాకు ఏడుపొచ్చేది. నలుపంటే ఖాళీ చోటు నింపడం కాదని, బొమ్మకి అది వెన్నెముకని అక్కడే తెలిసింది.

తర్వాత వారపత్రికలకి వేశాను. అప్పుడు మాంత్రికులు, చేతబళ్ల సీరియళ్లు బాగా నడిచేవి. కొత్త కుర్రాడికి ఆ బొమ్మలే ఇచ్చేవాళ్లు. కుటుంబ కథలన్నీ పెద్ద ఆర్టిస్టులకి వెళ్లేవి. ఒకసారి మా అక్క పురిటికి ఇంటికొచ్చింది. మా అమ్మ నా డ్రాయింగ్ బోర్డు తీసుకెళ్లి అరుగు మీద పెట్టింది. "కడుపుతో ఉన్న పిల్ల కంట ఆ బొమ్మలు పడకూడదురా" అంది. అమ్మని తప్పు పట్టను. మూడు నెలలు అరుగు మీద బల్బు కిందే గీశాను. పురుగులు వచ్చి తడి ఇంకు మీద వాలేవి. నా పెళ్లిచూపులకి వెళ్లేటప్పుడు నాన్న అన్నాడు, కృష్ణుడి బొమ్మ ఒకటి వేసి తీసుకెళ్లు, మిగతావి వాళ్లకి చూపించకు అని. సరేనన్నాను. నా సొంత పని దాచిపెట్టి, నాకు పెద్దగా రాని కృష్ణుణ్ణి చూపించాను. ఆ మధ్యాహ్నం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది. గ్రాహం ఇంగెల్స్ కథ తెలిసిన రోజు నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

ఇంగెల్స్ 1915లో సిన్సినాటిలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పద్నాలుగేళ్లకే పనిలోకి వెళ్లాడు. ఈసీ కామిక్స్ అని ఒక కంపెనీ 1950లో భయం కథల పుస్తకాలు మొదలుపెట్టింది. దాని యజమాని బిల్ గెయిన్స్. ఆ కంపెనీలో గొప్ప ఆర్టిస్టులు చాలామంది ఉన్నారు. కుళ్లిన దేహం, చెమ్మ పట్టిన గోడ, నోరు తెరిస్తే తీగలా సాగే ఎంగిలి, ఇవి వేయడంలో మాత్రం ఇంగెల్స్‌ని మించినవాడు లేడు. ఆయన బొమ్మలో గీత ఎక్కడా నిటారుగా నిలబడదు. ఇళ్లు వాలిపోతాయి, పెదవులు వేలాడతాయి, బట్టలు కరిగిపోతున్నట్టు ఉంటాయి. కథలు చెప్పే ఒక ముసలి మంత్రగత్తె పాత్ర ఆయన చేతిలో అలాగే తయారైంది. సంతకం 'గాస్ట్‌లీ' అని పెట్టేవాడు. ఘోరమైనవాడు అని అనుకోండి. ఆ పేరు ఆయన గర్వంగా పెట్టుకున్నాడు.

తర్వాత 1954 వచ్చింది. ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు, పిల్లలు చెడిపోవడానికి కామిక్స్ కారణమని పుస్తకం రాశాడు. అదే ఏడాది ఏప్రిల్ 21న గెయిన్స్ జవాబు చెప్పుకోవడానికి అమెరికా సెనేట్ సబ్‌కమిటీ ముందు కూర్చున్నాడు. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేతిలో తెగిన తల ఉన్న అట్టబొమ్మ చూపించి, ఇది మంచి అభిరుచేనా అని అడిగారు. భయం కామిక్ అట్టకి మంచిదే అన్నాడు గెయిన్స్. మర్నాటి పేపర్లు ఆ మాట పట్టుకున్నాయి. ఆ ఏడాది అక్టోబరులో పబ్లిషర్లే కలిసి కామిక్స్ కోడ్ పెట్టుకున్నారు. పుస్తకం పేరులో హారర్ అనే మాట ఉండకూడదు. రక్తపిశాచాలు, తోడేలు మనుషులు, లేచి నడిచే శవాలు ఉండకూడదు. కోడ్ ముద్ర లేని పుస్తకాన్ని హోల్‌సేలర్లు కట్ట విప్పకుండానే వెనక్కి పంపేవాళ్లు. ఈసీ భయం పుస్తకాలు ఆగిపోయాయి.

పిల్లల గురించి తల్లిదండ్రుల బెంగని నేను కొట్టిపారేయను. నేనూ మనవరాలు ఉన్నవాణ్ణే. కొన్ని అట్టబొమ్మలు నిజంగానే పసివాళ్ల కంట పడకూడనివి. అయితే వయసుని బట్టి ఏ పుస్తకం ఎవరికి అమ్మాలో తేల్చుకోవాల్సిన చోట, ఒక కళనే మూసేశారు. దాని బరువు ఆర్టిస్టుల మీద పడింది.

ఇంగెల్స్‌కి ఆ తర్వాత కామిక్స్‌లో పెద్దగా పని దొరకలేదు. ఆయన చెయ్యి మామూలు ప్రేమ కథలకి సరిపోయే చెయ్యి కాదు. కనెక్టికట్ రాష్ట్రంలో వెస్ట్‌పోర్ట్ అనే ఊళ్లో ఫేమస్ ఆర్టిస్ట్స్ స్కూల్ అని, పోస్టులో బొమ్మలు నేర్పే బడి ఉండేది. అందులో మాస్టారుగా చేరాడు. తర్వాత ఫ్లోరిడా వెళ్లిపోయి రంగుల బొమ్మలు నేర్పుకుంటూ బతికాడు. కామిక్స్ గురించి అడగొద్దన్నాడు. అభిమానులు వెతికి పట్టుకున్నా, ఆ పాత మనిషిని నేనే అని ఒప్పుకోవడానికి ఎన్నో ఏళ్లు పట్టింది. చివరి రోజుల్లో మాత్రం ఆ ముసలి మంత్రగత్తెని ఆయిల్ రంగుల్లో మళ్లీ వేశాడు. 1991లో పోయాడు. దాదాపు మూడు దశాబ్దాలు ఒక మనిషి తను బాగా చేసిన పనిని తనే దాచుకోవాల్సి రావడం ఎంత కష్టమో చూడండి. నాది ఒక్క మధ్యాహ్నమే.

ఇప్పుడు రైట్‌సన్ దగ్గరికి వస్తాను. ఆయన 1948 అక్టోబరు 27న, బాల్టిమోర్ దగ్గర పుట్టాడు. చిన్నప్పుడు ఈసీ కామిక్స్ చదివి పెరిగాడు. ఇంగెల్స్ బొమ్మలంటే ప్రాణం. కాలేజీలో బొమ్మలు నేర్చుకోలేదు. టీవీలో వచ్చే డ్రాయింగ్ పాఠాలు చూశాడు, పోస్టులో ఒక కోర్సు చేశాడు. ఏ కోర్సో తెలుసా? ఫేమస్ ఆర్టిస్ట్స్ స్కూల్ కోర్సు. తను ఆరాధించిన మనిషి తలదాచుకున్న బడి అదే. ఈ సంగతి చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు బయట నడిచొచ్చాను.

1966లో రైట్‌సన్ బాల్టిమోర్ సన్ పేపర్లో ఆర్టిస్టుగా చేరాడు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో ఒక కామిక్స్ సభకి వెళ్లి పేరున్న చిత్రకారుడు ఫ్రాంక్ ఫ్రజెట్టాని కలిశాడు. ఆ మాటలతో ధైర్యం వచ్చి కామిక్స్ వైపు తిరిగాడు. 1969 నుంచి డీసీ అనే కామిక్స్ కంపెనీకి చిన్న చిన్న భయం కథలు వేశాడు. అప్పటికి కోడ్ ఇంకా ఉంది. 1971లో దాన్ని సడలించారు. ఆ ఏడాదే, రచయిత లెన్ వీన్‌తో కలిసి, హౌస్ ఆఫ్ సీక్రెట్స్ అనే పుస్తకం 92వ సంచికలో ఎనిమిది పేజీల కథ వేశాడు. స్వాంప్ థింగ్. బురద మనిషి.

ఆ పుస్తకం నాకు లెనిన్ సెంటర్‌లో, పాత పుస్తకాల గుట్టలో దొరికింది. అట్ట లేదు. అమెరికాలో అమ్ముడుపోని పుస్తకాల అట్టలు చింపి, ఆ అట్టలు మాత్రం పంపి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లట. అట్ట లేని పుస్తకాలు ఎలాగో ఎక్కడెక్కడికో వెళ్లేవి. కొట్టాయన రూపాయి అడిగాడు. అర్ధరూపాయికి ఇచ్చాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. డిక్షనరీ పెట్టుకుని వారం రోజులు చదివాను.

కథ చెబుతాను. ఒక శాస్త్రవేత్త, అతని భార్య, ఒక స్నేహితుడు. స్నేహితుడికి ఆవిడ మీద ఆశ. ల్యాబ్‌లో ప్రమాదం జరిపించి, శాస్త్రవేత్తని బురదలో పాతిపెట్టి, ఆవిణ్ణి పెళ్లి చేసుకుంటాడు. ఆ బురద, ఆ నాచు, ఆ వేళ్లు కలిసి చనిపోయినవాణ్ణి లేపుతాయి. ఈలోగా కొత్త భర్తకి భార్య మీద అనుమానం. ఆవిణ్ణి చంపబోతాడు. బురద మనిషి కిటికీలోంచి వచ్చి వాణ్ణి చంపి ఆవిణ్ణి కాపాడతాడు. ఆవిడ ఇతన్ని చూసి కేకలు పెడుతుంది. నేనే అని చెప్పుకోవడానికి అతనికి గొంతు లేదు. తిరిగి బురదలోకి వెళ్లిపోతాడు.

అప్పటిదాకా నేను వేసిన ప్రతి దయ్యమూ ఒకటే పని చేసేది. కోరలు చూపించి మీదకి వచ్చేది. పాఠకుడు జడుసుకోవాలి, అంతే నాకు తెలిసింది. ఈ బురద మనిషి చివరి పేజీలో వెనక్కి తిరిగి వెళ్తున్నాడు. ఆ వీపు, వంగిన భుజాలు, పక్కన ఏం చెయ్యాలో తెలీక వేలాడే చేతులు. మన భేతాళుడు ఆగకుండా మాట్లాడతాడు, రాజు మౌనం వీడితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది. ఇక్కడ మాట్లాడాల్సినవాడికే నోరు లేదు. నాకు కళ్లు చెమర్చాయి. దయ్యం కోసం ఏడవడం అదే మొదటిసారి. మర్నాడు నా మాంత్రికుడి సీరియల్‌కి వేసిన శవం బొమ్మ పక్కన పడేసి మళ్లీ వేశాను. ఈసారి ఆ శవం ఎవరి కొడుకో ఆలోచించి వేశాను.

ఆ పుస్తకం అట్ట ఎలా ఉంటుందో నేను చూసింది చాలా ఏళ్ల తర్వాత. ముందు ఆవిడ కూర్చుని ఉంటుంది, వెనక అతను. ఆ అట్ట మీద ఆవిడకి మోడల్‌గా కూర్చున్నది లూయీజ్ జోన్స్ అని, రైట్‌సన్ స్నేహితురాలు. తర్వాత ఆవిడే పెద్ద ఎడిటర్, రచయిత్రి అయింది. మోడల్స్‌కి డబ్బులేవు అని బాధపడే మీకోసం చెబుతున్నాను. స్నేహితుల్ని కూర్చోబెట్టుకోండి.

బురద మనిషి బాగా నడిచాడు. 1972లో సొంత పుస్తకం వచ్చింది. పది సంచికలు వేసి రైట్‌సన్ బయటికి వచ్చేశాడు. వారెన్ కంపెనీ నలుపు తెలుపు పత్రికలకి వెళ్లాడు. అవి పత్రికల సైజులో ఉండేవి కాబట్టి కోడ్ కిందికి రావు. 1975లో ఇంకో ముగ్గురు ఆర్టిస్టులతో కలిసి మన్‌హట్టన్‌లో ఒక పెద్ద హాలు అద్దెకి తీసుకున్నాడు. జెఫ్ జోన్స్, మైకేల్ కలూటా, బ్యారీ విండ్సర్ స్మిత్. నలుగురూ ఒకే కప్పు కింద ఎవరి బల్ల దగ్గర వాళ్లు. ఇక్కడ మీరు నలుగురు కలిసి ఒక గది తీసుకుంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి. అద్దె పంచుకోవచ్చు. పక్కవాడు రాత్రి రెండింటికి కూడా పని చేస్తుంటే మనం నిద్రపోం.

ఇక ఆయన చేసిన అసలు పని. మేరీ షెల్లీ 1818లో రాసిన ఫ్రాంకెన్‌స్టైన్ నవలకి ఆయన దాదాపు 50 బొమ్మలు వేశాడు. ఎవరూ అడగలేదు, ఎవరూ అడ్వాన్స్ ఇవ్వలేదు. డబ్బొచ్చే పనుల మధ్య దొరికిన టైములో, ఏడేళ్ల పాటు, పెన్నూ ఇంకుతో వేశాడు. పాత కాలపు చెక్క అచ్చు బొమ్మల్లా ఉండాలని ఆయన పట్టుదల. 1983లో పుస్తకం వచ్చింది. నా శిష్యుడొకడు అమెరికా నుంచి తెచ్చి ఇచ్చాడు. భూతద్దం పెట్టుకుని ఒక్కో బొమ్మ చూశాను.

అందులో ల్యాబ్ బొమ్మ ఒకటుంది, రెండు పేజీల నిండా. గాజు బుడ్డీలు, గొట్టాలు, సీసాలు, తీగలు, లెక్కపెట్టలేం. ఏ బుడ్డీనీ పక్క బుడ్డీ చూసి దించలేదు. దేని మెరుపు దానిదే. ఇప్పుడు జాగ్రత్తగా వినండి, ఇది చేత్తో చేసే సంగతి. ఆ మెరుపుకి తెల్లరంగు అక్కర్లేదు. అది కాగితం. గాజు వెనక ఉన్న చీకటిని సన్నటి గీతలతో కట్టుకుంటూ వచ్చి, గాజు ఉన్నచోట ఆపేస్తే గాజు మిగులుతుంది. గీత కూడా గుండ్రటి దాని మీద గుండ్రంగా తిరుగుతుంది, బల్ల మీద బల్లపరుపుగా వెళ్తుంది. నిబ్బు నొక్కితే లావు, వదిలితే సన్నం. ఒక్క గీత మొదట్లో లావుగా ఉండి చివర వెంట్రుకలా తేలిపోతుంది. ఇంటికెళ్లి ఒక్క మందుసీసా ఎదురుగా పెట్టుకుని ప్రయత్నించండి. క్రోక్విల్ అనే సన్నటి నిబ్బు, ఇండియన్ ఇంకు, మంచి ఐవరీ కార్డు. ఒక సీసాకి మూడు గంటలు పడుతుంది. అప్పుడు ఆ రెండు పేజీలు ఏమిటో అర్థమవుతుంది.

మా రోజుల్లో మేం అంత సన్నగా గీయలేకపోయాం. వారపత్రికల్లో బొమ్మలు అచ్చు వేయడానికి జింకు రేకుల మీద బ్లాకులు చేసేవాళ్లు. గీతలు దగ్గరగా ఉంటే ఆ నాసిరకం కాగితం మీద మధ్యలో ఇంకు పూడిపోయి ముద్దైపోయేది. మా బ్లాకు మేకర్ నన్ను కూర్చోబెట్టి, "బాబూ, గీతకీ గీతకీ మధ్య ఊపిరి వదులు" అని చెప్పేవాడు. ఆఫ్‌సెట్ అచ్చు వచ్చాక ఆ బాధ తీరింది. మీకు ట్యాబ్ మీద ఆ అడ్డే లేదు. అయినా ఊపిరి వదలండి.

ఫ్రాంకెన్‌స్టైన్‌లో, శాస్త్రవేత్త తన ల్యాబ్‌లో పుట్టించిన రాక్షసుడికి ఆయన వేసిన మొహం చూడండి. పెదవుల్లేని పళ్లు, పొడుగు జుట్టు, చదును ముక్కు. భయంకరమే. కానీ వాడు మంచులో ఒంటరిగా నిలబడ్డ బొమ్మ చూస్తే, ఇంట్లోకి పిలిచి అన్నం పెట్టాలనిపిస్తుంది. నవలలో వాడి బాధ అదే కదా, పుట్టించినవాడే వదిలేశాడు. ఏడేళ్లు ఆ మొహంతో కూర్చున్నవాడికే వాడి బాధ అలా చిక్కుతుంది.

ఇదే రైట్‌సన్ 1985లో జిమ్ స్టార్లిన్ అనే ఇంకో కామిక్స్ ఆర్టిస్టుతో కలిసి, ఆఫ్రికా కరువు బాధితుల కోసం ఒక కామిక్ తెచ్చే ఆలోచన చేశాడు. మార్వెల్ కామిక్స్ కంపెనీ వేసింది. మరుసటి ఏడాది డీసీ కూడా అలాంటిదే వేసింది. వచ్చిన డబ్బు కరువు సాయానికి వెళ్లింది. భయం బొమ్మలు వేసేవాళ్లకి మనసు చచ్చిపోతుందని మీ ఇంట్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

ఇక బతకొచ్చా అన్న ప్రశ్న. రైట్‌సన్ ఒక్క కామిక్స్‌తోనే బతకలేదు. భయం నవలలు రాసే స్టీఫెన్ కింగ్ పుస్తకాలకి బొమ్మలు వేశాడు, సినిమాలకి దయ్యాల రూపాలు గీసిచ్చాడు, బ్యాట్‌మన్ వేశాడు. నేను? శుభలేఖలు, పాఠ్యపుస్తకాలు, బ్యానర్లు, ఆ తర్వాత ఒక స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం. ఇల్లు గడిచింది. నెల జీతం ఇచ్చే పని ఒకటి, ప్రాణం పెట్టే పని ఒకటి, రెండూ పక్కపక్కన నడిచాయి. అలా నడపొచ్చు. కష్టం, కానీ నడపొచ్చు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. నేను 42 వారాలు వేసిన సీరియల్ ఒకటుంది. నా పనిలో అదే బాగుంటుందని ఇప్పటికీ నా నమ్మకం. అయిపోయాక ఒరిజినల్స్ అడగడానికి వెళ్లాను. గది ఖాళీ చేస్తూ తూకానికి వేసేశామన్నారు. మెట్లు దిగుతుంటే కాళ్లు వణికాయి. ఇప్పుడు నా దగ్గర ఉన్నవి పత్రికలోంచి కత్తిరించుకున్న ముక్కలే, అవీ పసుపుపచ్చగా మారిపోయాయి. గెయిన్స్ ఏం చేశాడో తెలుసా? ఈసీ పుస్తకాలు ఆగిపోయినా ఆర్టిస్టులు వేసిన పేజీలన్నీ భద్రంగా దాచాడు. అందుకే ఇంగెల్స్ గీసిన కాగితాలు ఈరోజు మ్యూజియం వస్తువుల్లా ఉన్నాయి. మీరు పని ఇచ్చే ముందు స్కాన్ చేసుకోండి. ఒరిజినల్ ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. మొహమాటపడకండి. నేను మొహమాటపడ్డాను.

రైట్‌సన్ చివరి రోజుల గురించి చెప్పి ఆపుతాను. ఫ్రాంకెన్‌స్టైన్ రాక్షసుడి కథని ముందుకు తీసుకెళ్తూ రచయిత స్టీవ్ నైల్స్‌తో 2012లో ఇంకో కామిక్ మొదలుపెట్టాడు. ముప్ఫై ఏళ్ల తర్వాత అదే మొహం దగ్గరికి తిరిగొచ్చాడు. మధ్యలో మెదడుకి జబ్బు చేసింది, ఆపరేషన్లు జరిగాయి. 2017 జనవరిలో, ఆయన ఇక బొమ్మలు వేయలేరని భార్య ప్రకటించింది. మార్చి 18న పోయాడు. 68 ఏళ్లు. చివరి సంచిక మిగిలిపోయింది. దాన్ని పూర్తి చేయడానికి కెల్లీ జోన్స్ అనే ఆర్టిస్టుని ఆయనే ఎంచుకుని వెళ్లాడు. 2018లో అది బయటికి వచ్చింది. పేజీలు తిప్పుతుంటే ఒక చోట చెయ్యి మారుతుంది, రాక్షసుడు మాత్రం నడుస్తూనే ఉంటాడు.

అమ్మా, నీ పేరు నేను అడగలేదు. లెనిన్ సెంటర్లో కొన్న ఆ పుస్తకం ఇదిగో, సంచిలో తెచ్చాను. ఈ టేబుల్ మీద పెడుతున్నాను. అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి, చేతులు కడుక్కుని వచ్చి మెల్లగా తిప్పండి. ముందు నువ్వు చూడు. చివరి పేజీలో ఆ వీపు దగ్గర కాసేపు ఆగు.